పెరుగు ఏ గడిలోకి వస్తుంది?

మా పక్కింటావిడ కూతుర్ని వెంటబెట్టుకుని మా బెల్లు నొక్కిన శనివారం పొద్దున నేను పెనం మీద దోసె వేసి ఉన్నాను. తలుపు తీసీ తీయగానే ఆవిడ గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"మేడమ్, మీరు ఇండియాల కెమిస్ట్రీ లెక్చరర్ అంట గదా? మొన్న వాకింగ్‌ల మీ సార్ చెప్పిండు. మా పిల్లకు సైన్స్‌ల సీ గ్రేడ్ వచ్చింది. సీ! మా ఇంట్ల ఎవ్వలకు సీ రాలే."

కూతురు పదమూడేళ్ళది. ఎయిత్ గ్రేడ్. హుడీ జేబుల్లో చేతులు దూర్చుకుని, నేలలోకి కూరుకుపోతే బాగుండునన్నట్టు నిలబడింది.

"అమ్మా, ప్లీజ్," అంది. తరవాత ముక్కు ఎగబీల్చి నా వంక చూసింది. "ఆంటీ, ఏదో బర్న్ అవుతుంది."

నేను వంటింట్లోకి పరుగెత్తాను. దోసె బొగ్గయింది. వెనకాలే వచ్చిన ఆ పిల్ల పెనంలోకి తొంగిచూసి, "కెన్ యూ ఫిక్స్ ఇట్?" అని అడిగింది, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

"బాగుచేయలేం. గడ్డకట్టిన నెయ్యిని కరిగిస్తే మళ్ళీ గడ్డకడుతుంది. మాడిన దోసె మళ్ళీ పిండి అవదు."

"ఓ! ఫిజికల్ చేంజ్, కెమికల్ చేంజ్. అదేనా?"

"అదే."

ఆ పిల్ల తల్లి వైపు తిరిగి, "ఓకే. ఐ విల్ కమ్," అంది. వాళ్ళమ్మ మొహం విప్పారింది. నేను చెప్తానో లేదో ఇద్దరిలో ఎవరూ అడగలేదని వాళ్ళు వెళ్ళిపోయాక గాని నాకు తట్టలేదు.

అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని ఈ కమ్మింగ్ ఊరికి మేము వచ్చి అప్పటికి ఏడాది దాటింది. తెనాలి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఇక్కడికి మావారి ఉద్యోగం మీద, ఆయన వీసాకి తోకలాగా వచ్చాను. డిపెండెంట్‌కి వర్క్ పర్మిట్ వచ్చేదాకా పని చేయకూడదు. పొద్దున్నే ఆయన పై గదిలోకి వెళ్ళి మీటింగుల్లో కూర్చుంటారు. కింద నేను, డిష్‌వాషర్ చప్పుడు. కాలేజీలో ఉన్నప్పుడు ఒక గంట ఖాళీ దొరికితే చాలనుకునేదాన్ని. ఇక్కడ రోజంతా ఖాళీయే. ఒకసారి కూరగాయలు తరుగుతూ, ఆవర్తన పట్టికలో మొదటి వరుసలన్నీ గట్టిగా పైకి చదివాను. పైనుంచి మావారు, "ఎవరితో మాట్లాడుతున్నావ్?" అని కేకేశారు.

కాబట్టి ఆదివారం మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చేసరికి నేను కొత్త చీర కాకపోయినా, ఇస్త్రీ చేసిన కుర్తా వేసుకుని సిద్ధంగా ఉన్నాను. డైనింగ్ టేబుల్ మీద తెల్ల కాగితాలు, రెండు పెన్నులు పెట్టాను. లెక్చరర్ గొంతు సవరించుకుని, "పదార్థం అంటే ఏమిటి?" అని అడిగాను.

"మ్యాటర్ ఈజ్ ఎనీథింగ్ దట్ హ్యాజ్ మాస్ అండ్ టేక్స్ అప్ స్పేస్," అని ఒక్క ఊపిరిలో అప్పజెప్పింది. ఘనం, ద్రవం, వాయువు, వాటి లక్షణాలు అన్నీ గడగడా చెప్పేసింది. ఒక్క తప్పు లేదు.

"మరి నీకు సీ ఎందుకొచ్చింది?"

భుజాలెగరేసింది. "ఆంటీ, నాకు డెఫినిషన్స్ వచ్చు. కానీ టెస్ట్‌లో రియల్ థింగ్స్ అడుగుతారు. అప్పుడు నాకు కన్ఫ్యూజ్ అవుతుంది. రియల్ థింగ్స్ డెఫినిషన్ లాగా ఉండవు కదా."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ విద్యార్థీ నాతో ఈ మాట ఇంత సూటిగా అనలేదు. కాగితాలు పక్కకు జరిపి, "వంటింట్లోకి రా," అన్నాను.

జనవరి. బయట గడ్డి మీద మంచు పొర తెల్లగా పేరుకుని ఉంది. గట్టు మీద నెయ్యి సీసా రాయిలా గట్టిపడి ఉంది. ఒక గిన్నెలో ఐసు ముక్కలు, ఇంకో గిన్నెలో నెయ్యి గడ్డ వేసి, రెండూ సన్నటి సెగ మీద పెట్టాను. మాంసం ఉడికిందో లేదో చూసుకోవడానికి ఇక్కడివాళ్ళు వాడే డిజిటల్ థర్మామీటర్ ఒకటి పాలు తోడు వేసేటప్పుడు పనికొస్తుందని కొన్నాను. మా శాకాహారపు ఇంట్లో దానికి అంతకంటే పని లేదు. అది ఆ పిల్ల చేతికిచ్చి, "ఐసు గిన్నెలో పెట్టి కలుపుతూ, అంకె చదువు," అన్నాను.

"థర్టీ టూ. థర్టీ టూ. ఆంటీ, ఇది పాడయిందా? థర్టీ టూ దగ్గరే ఉంది."

ముప్పై రెండు అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు ఒప్పుకోదు. తెనాలిలో ముప్పై రెండంటే ఫ్యాను వేసుకునే రోజు. ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో నీళ్ళు గడ్డకట్టే రోజు. మనసులో సున్నా సెల్సియస్‌కి మార్చుకుని, "పాడవలేదు. కలుపుతూ ఉండు," అన్నాను.

ఐసు సగం కరిగింది. అంకె కదల్లేదు. చివరి ముక్క చిన్న గవ్వంత అయింది. అప్పటికీ అంకె దాదాపు అక్కడే. ఆ ముక్క కూడా మాయమయ్యాక అంకె పైకి లేచింది, ముప్పై నాలుగు, ముప్పై ఏడు, నలభై. ఆ పిల్ల నోరు తెరిచి నా వంక చూసింది.

"వేడి ఇస్తూనే ఉన్నాం కదా? మరి అదంతా ఎక్కడికి పోయింది?"

"ముక్కల్లో అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఇచ్చిన వేడంతా ముందు ఆ పట్టు విడిపించడానికి ఖర్చవుతుంది. అందరి పట్టూ వీడాకే నీళ్ళు వేడెక్కడం మొదలుపెడతాయి."

ఇప్పుడు నెయ్యి గిన్నె చూడమన్నాను. అందులో అంకె ఎక్కడా ఆగలేదు. గడ్డ ముందు మెత్తబడింది, తరవాత రవ్వరవ్వగా అయింది, చివరకు బంగారు రంగు నూనె అయింది. ఇదుగో ఇక్కడ కరిగింది అని చూపించడానికి ఒక్క అంకె కూడా దొరకలేదు. నెయ్యి ఒకే పదార్థం కాదని, రకరకాల కొవ్వుల మిశ్రమమని, ఒక్కొక్కటి దాని దాని వేడికి కరుగుతుందని చెప్పాను.

ఆ పిల్ల రెండు గిన్నెలనూ మార్చి మార్చి చూసింది. "సో, ఐస్ అంటే మార్చింగ్ బ్యాండ్. అందరూ ఒక్కసారే. నెయ్యి అంటే మా పాట్‌లక్, అందరూ ఫుడ్ వండి తెస్తారు కదా, అది. రెండు గంటలకి రమ్మంటే ఒక్కొక్కళ్ళు ఒక్కో టైమ్‌కి వస్తారు."

నేను పడీపడీ నవ్వాను. ద్రవీభవన స్థానం గురించి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు గాని, అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

ఆ తరవాత ఆదివారాలు వంటింట్లోనే గడిచాయి. పొడుగాటి గాజు గ్లాసులో తేనె, గిన్నెలు తోమే సబ్బు, రంగు కలిపిన నీళ్ళు, నూనె ఒకదాని మీద ఒకటి పోసి, వాటిలో ద్రాక్షపండు, చిన్న టమాటా, ప్లాస్టిక్ గుండీ జారవిడిచి ఏది ఎక్కడ ఆగుతుందో పందెం వేసుకున్నాం. సాంద్రత అనే మాటను ఆ పిల్ల "సాండ్రటా" అంటూ, అదేదో ఇటలీ వంటకంలాగా పలికేది. పోపులో ఆవాలు చిటపటమనడం ఏ మార్పు అని గంటసేపు వాదించుకున్నాం. గింజలో నీరు ఆవిరై పొట్టు పగలడం ఒకటి, గింజ మాడి రంగు మారడం ఇంకొకటి అని చివరికి రాజీ కుదిరింది.

ఒకరోజు స్టీలు గిన్నెలో కర్పూరం బిళ్ళలు వేసి, సన్నటి సెగ మీద, పైన ఐసు పెట్టిన పళ్ళెం మూతపెట్టాం. కర్పూరం కరిగి నీరు కాకుండానే ఆవిరై, పళ్ళెం అడుగున మళ్ళీ తెల్లటి పలుకులుగా అంటుకుంది. ఉత్పతనం అంటే అదేనని చెబుతుండగా మావారు మెట్లు దిగి వచ్చారు. చెవిలో ఇంకా మీటింగ్ నడుస్తోంది. మైకు ఆపి, "ఏంటోయ్, ఇంట్లో హారతి వాసన! నాకు కూర్చున్నచోటే కళ్ళకద్దుకోవాలనిపిస్తోంది. అవతల మా మేనేజర్ ఉన్నాడు," అన్నారు.

"అంకుల్, ఇట్స్ సబ్లిమేషన్," అంది ఆ పిల్ల.

"అది అయ్యాక కిటికీలు తీయండి," అని పైకి వెళ్ళిపోయారు.

చిక్కు పెరుగుతో వచ్చింది.

ఒక ఆదివారం భోజనానికి ఆగినప్పుడు ఆ పిల్ల పెరుగు గిన్నెలో స్పూను గుచ్చి, "ఇది సాలిడ్ ఆ లిక్విడ్ ఆ?" అని అడిగింది. నేను గిన్నె వంచి చూపించాను. గట్టిగా తోడుకున్న పెరుగు, కదల్లేదు. స్పూనుతో ఒక ముక్క తీశాక ఆ గుంట అలాగే నిలిచింది. భోజనం ముగిసేసరికి గుంటలో నీళ్ళు తేరాయి. చిలికితే మజ్జిగై పారింది. పాలలో ఉండే ప్రొటీన్లు ఒకదానికొకటి అల్లుకుని వలలాగా అవుతాయని, ఆ వలలో నీళ్ళు చిక్కుకుని ఉంటాయని, దీన్ని జెల్ అంటారని చెప్పాను. ఘనంలా నిలబడుతుంది, లోపల ఎక్కువ భాగం ద్రవమే. "లోకంలో ఉన్నవన్నీ మూడు గదుల్లోనే కాపురం ఉండవు," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు చాలా గొప్పగా అనిపించింది కూడా.

పది రోజుల తరవాత పక్కింటావిడ ఒక్కతే వచ్చింది. చేతిలో టెస్ట్ కాగితం.

"ఇది చూడండి మేడమ్."

ఒక వరుసలో వస్తువుల పేర్లు. పక్కన మూడు గళ్ళు, ఘనం, ద్రవం, వాయువు. సరైన గడిలో టిక్కు పెట్టాలి. రాయి, పాలు, ఆక్సిజన్, అన్నిటికీ సరిగ్గా పెట్టింది. యోగర్ట్, అంటే పెరుగు, అన్నచోట మాత్రం ఏ గడిలోనూ టిక్కు లేదు. స్కేలుతో నీటుగా నాలుగో గడి గీసి, దాని మీద జెల్ అని రాసి, అందులో టిక్కు పెట్టింది. కింద ఖాళీలో వల బొమ్మ, వలలో నీటి బొట్లు. పక్కన ఎర్ర సిరాతో ఇంటూ మార్కు.

"బొమ్మ బాగా వేసింది," అన్నాను.

"బొమ్మ గాదు మేడమ్, మార్కు పోయింది! దానికి తెల్వక పోతే నేనేం అనకపోదును. తెలిసి పోగొట్టుకుంది. అడిగితే, 'ఆంటీ చెప్పింది, మూడు గదులల్ల పట్టవు' అంటది. మీకు శాన తెలుసు, నేను కాదంటలేను. కానీ టెస్టుకు ఏది కావాల్నో అది చెప్తే సాలు గదా?"

"అక్కా, అది రాసింది తప్పు కాదు."

"తప్పు కాకపోతే మార్కెందుకు పోయింది?"

నేను కాఫీ గిన్నె అందుకున్నాను. ఆవిడ కాఫీ వద్దని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మావారితో చెప్పి బాధపడ్డాను. ఆయన సర్దిచెప్పబోయారు. "పోనీ మానేయ్. నీకేం జీతమా, పాడా?" అన్నారు.

మానేయాలని మాత్రం నాకు అనిపించలేదు. బాధ నిజమే. అయితే ఆ బాధ అడుగున ఇంకేదో ఉల్లాసం లాంటిది ఉంది, అదేమిటో అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. ఈ దేశానికి వచ్చాక నన్ను ఎవరైనా పొగిడితే వంట బాగుందనో, ఇల్లు నీటుగా ఉందనో పొగిడారు. నేను చెప్పిన పాఠం గురించి ఒక తల్లి వచ్చి నాతో పోట్లాడటం ఇదే మొదలు. పోట్లాడిందంటే, ఆవిడ లెక్కలో నేను టీచర్నే కదా!

మర్నాడు ఆవిడే మళ్ళీ వచ్చింది. ఈసారి మొహం వేరేగా ఉంది.

"మా పిల్ల స్కూల్ల ఆ సైన్స్ సార్‌తోని మాట్లాడిందంట. ఇంటికాడి నుంచి డబ్బల పెరుగు తీస్కపోయి, వంచి చూపించిందంట. సార్ నన్ను గురువారం కాన్ఫరెన్స్‌కు రమ్మన్నడు. మేడమ్, నాకు ఆ జెల్లు, గిల్లు మాటలు రావు. మీరు నా ఎంబడి రారాదుండ్రి?"

గురువారం సాయంత్రం ముగ్గురం వెళ్ళాం. స్కూలు టీచర్ ఆరడుగుల మనిషి, నలభై దాటినవాడు, నెత్తిన జుట్టు పల్చబడింది. పిల్లలు కూర్చునే చిన్న కుర్చీల్లో మమ్మల్ని కూర్చోబెట్టి, తనూ అలాంటి దాంట్లోనే మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. బల్ల మీద ఆ టెస్ట్ కాగితం, పక్కన పెరుగు డబ్బా. పెరుగు మీద అప్పటికి నీళ్ళు బాగా తేరి ఉన్నాయి.

"ఈమెకు నేర్పింది మీరేనా?" అని నన్ను అడిగాడు ఇంగ్లీషులో.

పోట్లాటకి సిద్ధపడి వెళ్ళాను. "అవును. జెల్ అన్నది సరైన జవాబే," అన్నాను.

"సరైనదే," అన్నాడు వెంటనే. "ఆ ప్రశ్న నేను రాసింది కాదు. అందరికీ ఒకే పేపర్ వస్తుంది. పెరుగుకి ద్రవం అని టిక్కు పెట్టాలని జవాబుల కాగితంలో ఉంది. క్లాసులో సగంమంది ఘనం అని పెట్టారు. నేను కూడా మొన్నటిదాకా దాని గురించి ఆలోచించలేదు."

"అయితే నా మార్కు?" అంది పిల్ల.

"మూడు గళ్ళలో ఒకదాన్ని ఎంచుకోమన్నారు. నువ్వు కొత్త గడి కట్టావు. సగం మార్కు ఇస్తాను."

"త్రీ ఫోర్త్స్."

"సగం. సైన్స్‌లో బేరాలు లేవు."

వాళ్ళమ్మ నా మోచేతిని పొడిచి, "సగమన్న ఇస్తున్నడు గదా, తీస్కోమనండి," అని గుసగుసలాడింది. ఆయనకి తెలుగు రాకపోయినా సంగతి అర్థమై నవ్వేశాడు. తరవాత నా వైపు తిరిగి, వచ్చేవారం రసాయన మార్పుల గురించి పాఠం ఉందని, వీలైతే వచ్చి ఒక పీరియడ్ చెప్పమని అడిగాడు. జీతం లేదు, అతిథిగా మాత్రమే అని కూడా అన్నాడు. అతిథికి వర్క్ పర్మిట్ అక్కర్లేదు. ఒప్పుకోవడానికి నేను ఊపిరి కూడా తీసుకోలేదు.

వారమంతా అద్దం ముందు ఇంగ్లీషు సాధన చేశాను. వాళ్ళు "అలూమినమ్" అంటారు, నా నోటికి "అల్యూమినియం" అనే వస్తుంది. చివరికి అసలు ఆ లోహం ఊసే ఎత్తకూడదని తీర్మానించుకున్నాను. పసుపు, నిమ్మకాయలు, వంటసోడా సంచిలో సర్దుకుని, ఛాతీ మీద విజిటర్ స్టిక్కరు అంటించుకుని క్లాసులోకి అడుగుపెట్టాను. ముప్పైమంది దాకా పిల్లలు. మా పక్కింటి పిల్ల మూడో వరుసలో, నన్ను ఎరగనట్టు మొహం పెట్టుకుని కూర్చుంది. ఆ వయసులో అది మర్యాద.

మొదటి ఐదు నిమిషాలు నా గొంతు నాకే వినపడలేదు. తరవాత పసుపు నీళ్ళ సీసా చేతిలోకి తీసుకున్నాను. "దీన్ని నా భాషలో పసుపు అంటారు," అన్నాను. క్లాసంతా "పసుపో" అంది. ఆ ఉత్సాహంలో, పొడి అడుగున పేరుకోకుండా సీసాను గట్టిగా గిలకొట్టాను.

మూత సరిగ్గా బిగించలేదు.

మూత ఎగిరింది. సీసాలో సగం పసుపు నీళ్ళు పక్కనే నిలబడిన టీచర్ తెల్ల చొక్కా మీద పడ్డాయి. క్లాసు ఒక్కసారిగా "ఓ..." అంది. నేను రుమాలు కోసం సంచి తడుముకున్నాను. ఆయన మాత్రం పాపం, "నో వర్రీస్, నో వర్రీస్," అంటూ, నేను ఏమైనా చెప్పేలోపే బల్ల మీదున్న వంటసోడా పిడికెడు తీసి, సింకు దగ్గర తడిపి, మరక మీద బరబరా రుద్దుకున్నాడు. ఇక్కడివాళ్ళు ఏ మరక పడినా ముందు వంటసోడానే వెతుక్కుంటారు.

పచ్చటి మరక చూస్తూ చూస్తూ ఉండగా ఎర్రబడింది. రుద్దినకొద్దీ ఎరుపు పాకింది. ఛాతీ నడిమధ్య.

వెనక బెంచీలోంచి ఒకడు అరిచాడు, "హీ ఈజ్ బ్లీడింగ్!"

గొడవ గొడవ అయిపోయింది. కొందరు లేచి నిలబడ్డారు. టీచర్ కిందికి చూసుకుని తనే అదిరిపడి, నిజంగా గాయమేమోనని ఛాతీ తడుముకున్నాడు. నేను ఇంగ్లీషు మరిచిపోయాను. "ఆగండి, ఆగండి!" అని తెలుగులోనే అరిచి, ఇంటి దగ్గరే కోసి తెచ్చిన నిమ్మ చెక్క ఒకటి ఆయన చేతిలో పెట్టి, పిండుకోమని సైగ చేశాను. ఆయన పిండాడు. రసం పడినచోటల్లా ఎరుపు పోయి పసుపు తిరిగొచ్చింది.

లేచిన పిల్లలంతా మెడలు చాచి చూస్తున్నారు. అంత శ్రద్ధ నేను తెనాలిలో ప్రిన్సిపాల్ వచ్చినప్పుడు కూడా చూడలేదు.

"మళ్ళీ చేయండి," అంది ముందు బెంచీలో ఒక పిల్ల.

ఆయన చొక్కా వంక చూసుకున్నాడు. నా వంక చూశాడు. "ఎలాగూ పాడయిందిగా," అని బల్ల మీద ఎక్కి కూర్చున్నాడు. "రండి, ఒక్కొక్కళ్ళూ."

పిల్లలు వరుస కట్టారు. ఒకళ్ళు సోడా నీళ్ళు చుక్క వేస్తే ఎర్రటి చుక్క, ఇంకొకళ్ళు నిమ్మరసం వేస్తే మళ్ళీ పసుపు. సోడా క్షారమని, నిమ్మరసం ఆమ్లమని, పసుపులో ఉండే రంగు క్షారం తగిలితే తన రూపం మార్చుకుని ఎర్రగా కనిపిస్తుందని నేను చెబుతూ పోయాను. ఇంగ్లీషు తప్పులు పోయాయో లేదో తెలీదు, ఎవరూ పట్టించుకోలేదు. ఒక కుర్రాడు, "వెనక్కి మారింది కాబట్టి ఇది ఫిజికల్ చేంజే కదా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. వెనక్కి వచ్చినంత మాత్రాన అది భౌతిక మార్పు అయిపోదని, ఆ రంగు అణువులోనే మార్పు జరిగిందని, కొన్ని రసాయన మార్పులు కూడా రెండు వైపులా నడుస్తాయని చెప్పాను. మాడిన దోసెతో నేను మొదలుపెట్టిన సూత్రం అంత తేలిక కాదని మూడో వరుసలో మా పిల్ల గబగబా రాసుకోవడం కనిపించింది.

పీరియడ్ అయ్యాక నేను ఆ చొక్కాకి డబ్బులిస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఈ మరక ఎలా పోతుంది?" అని మాత్రం అడిగాడు. మామూలుగా ఉతికి, తడిగా ఉండగానే ఎండలో ఆరేయమన్నాను. పసుపు రంగుకి ఎండంటే పడదు, వెలుగుకి విరిగిపోతుంది. ఆ మధ్యాహ్నం ఆయన స్కూలు టీషర్టు వేసుకుని పాఠం చెప్పాడట, చొక్కా గ్రౌండు కంచె మీద ఎండకు ఊగుతూ ఉందట. ప్రతి పీరియడ్‌కీ ఒక బ్యాచ్ వెళ్ళి రంగు ఎంత తగ్గిందో చూసి వచ్చిందట. ఇదంతా సాయంత్రం మా పిల్ల వచ్చి చెప్పింది, ఇప్పుడు మాత్రం నన్ను బాగా ఎరిగినట్టు.

ఆ వారాంతానికి పక్కింటావిడ ఈ కథను ఊరి వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టేసింది. ఆవిడ కథలో టీచర్ స్పృహ తప్పబోయాడు కూడా. తరవాతి ఆదివారం పాఠానికి పిల్లల్ని దింపే కార్లు మా ఇంటి ముందు ఆగడం మొదలైంది. వంటింట్లో పట్టక గ్యారేజీలోకి మారాం. మావారు కారు బయట పెట్టుకోవాల్సి వచ్చింది. పొద్దున్నే కారు అద్దాల మీద మంచు గీకేటప్పుడు మాత్రం కాస్త గొణిగేవారు.

వర్క్ పర్మిట్ ఆ మరుసటి ఏడాది వచ్చింది. కార్డు చేతికందిన రోజు ఆ టీచర్‌కే ముందు ఫోన్ చేశాను. ముందు సబ్‌స్టిట్యూట్‌గా, ఎవరు సెలవు పెడితే వాళ్ళ క్లాసుకి వెళ్ళాను. జిమ్ టీచర్ సెలవు పెడితే ఈల ఊదుతూ బాస్కెట్‌బాల్ ఆడించాను. సర్టిఫికేషన్ పరీక్షలు రాసి, ఇప్పుడు ఇదే కౌంటీలో ఇంకో మిడిల్ స్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. తలుపు మీద నా పేరున్న గది ఒకటి ఉంది. నాలుగో అక్షరం తప్పు రాశారు, అయినా నాదే.

మా పిల్ల ఎయిత్ గ్రేడ్ సైన్స్‌లో బీతో బయటపడింది. 'ఏ' రాలేదని వాళ్ళమ్మ కొంచెం నొచ్చుకుంది. ఇప్పుడు ఆ పిల్ల కాలేజీలో ఉంది. కెమిస్ట్రీ తీసుకుంటుందని నేను లోలోపల ఆశపడ్డాను. మార్కెటింగ్ తీసుకుంది.

"చూసిండ్రా మేడమ్," అంది వాళ్ళమ్మ, "మీరు అంత కష్టపడి చెప్తే ఇది పోయి అమ్ముకునే సదువు పట్టింది."

"ఆంటీ, మీకు కోపమా?" అని ఆ పిల్ల ఫోన్‌లో అడిగింది.

"ఒక పూట వచ్చింది. పోయింది," అన్నాను. నిజమే చెప్పాను.

నా క్లాసుల్లో ఇప్పుడు రకరకాల పిల్లలు. నిర్వచనాలు అప్పజెప్పేవాళ్ళు, కిటికీలోంచి చూసేవాళ్ళు, ప్రతిదానికీ ఎందుకని అడిగేవాళ్ళు. మొన్న మంగళవారం మధ్యాహ్నం, పీరియడ్ ముగియబోతుండగా, వెనకాల కూర్చునే ఒక అబ్బాయి చెయ్యెత్తాడు.

"మంట మ్యాటరేనా?"

జవాబు నా నాలుక చివరే ఉంది. మింగేసి, "మీరంతా ఏమంటారు?" అని క్లాసుని అడిగాను. దానికి బరువు లేదు కదా అన్నారు కొందరు. వేడి గాలి కూడా పదార్థమే కదా అన్నారు ఇంకొందరు. మంట అనేది వస్తువు కాదు, జరిగే పని అంది ఒక పిల్ల, అలా అని తనే ఆశ్చర్యపోయింది. బెల్లు మోగింది. తరవాతి క్లాసు పిల్లలు తలుపు దగ్గర గుమిగూడారు. వెళ్ళమని నేను చేతులు ఊపుతున్నాను, ఆ అబ్బాయి బ్యాగు ఒక భుజానికి తగిలించుకుని, తలుపులో నిలబడి, ఎవరో తెలియని తరవాతి క్లాసు కుర్రాడితో కూడా వాదిస్తూనే ఉన్నాడు.